ప్రూఫు దిద్దని పుట

వార్షిక సంచికకు ఏదైనా వ్యాసం రాసి ఇమ్మని సంపాదకవర్గంలోని విద్యార్థులు వచ్చి అడిగినప్పుడు, "ఏమి రాయమంటారు?" అని నేను ఎదురు ప్రశ్న వేశాను. "మన కళాశాల వెబ్‌సైటు ఎలా పుట్టిందో రాయండి సార్" అన్నారు వారు. పుట్టుక గురించి రాయడం సులభమే. కాని ఆ పుట్టుకతో ముడిపడి నేను చేసిన పెద్ద పొరపాటు ఒకటి ఉన్నది. దానిని విడిచిపెట్టి మిగిలినదంతా రాస్తే అది నివేదిక అవుతుందే గాని వ్యాసం కాదు. పన్నెండేళ్లకు పైగా గడిచిపోయాయి. ఆ పొరపాటు వలన కష్టపడినవారు దానిని మరచిపోయి ఉండవచ్చు, నేను మరువలేదు. పాలకవర్గంలోని పెద్దలు కూడా ఈ సంచికను చదువుతారని తెలిసే రాస్తున్నాను.

అసలు కథకు ముందు ఈ సంచిక గురించే నాలుగు మాటలు చెప్పాలి. నేను ఇదే కళాశాలలో బి.ఎస్సీ. చదువుతున్న రోజులలో, అంటే 1986, 87 ప్రాంతంలో, వార్షిక సంచిక తెలుగు విభాగానికి విద్యార్థి సంపాదకునిగా పనిచేశాను. సంచిక రెండు వాకిళ్లున్న ఇల్లు వంటిది. ఒక అట్ట తెరిస్తే తెలుగు, అవతలి అట్ట తెరిస్తే ఉర్దూ. తెలుగు పుటలను కంపోజిటరు సీసపు అక్షరాలతో కూర్చేవాడు. ఉర్దూ పుటలను కాతిబ్ సాహెబ్ కలం పట్టి స్వయంగా రాసేవారు. ఆయన చేతి వ్రాతే అచ్చయ్యేది. యంత్రం మీద ఉర్దూను కూర్చే నూరీ నస్తాలీఖ్ 1981లోనే వచ్చినప్పటికీ, సామాన్యమైన కంప్యూటర్ మీద ఆ పని చేసే ఇన్‌పేజ్ 1994లో గాని రాలేదు. అంతవరకు మా వంటి కళాశాలలకు కాతిబ్ సాహెబే దిక్కు.

ప్రెస్సు నుంచి తడి ఆరని సిరా వాసనతో గేలీ ప్రూఫులు వచ్చేవి. వాటిని దిద్ది పంపితే పేజీ ప్రూఫులు వచ్చేవి. మా తెలుగు మాస్టారు వాటిని కూడా అక్షరం అక్షరం చదివి, అడుగున సంతకం చేసి, "అచ్చు వేయవచ్చును" అని రాసేవారు. ఆ నాలుగు అక్షరాలు పడితే గాని యంత్రం తిరిగేది కాదు. ఒకసారి పరీక్షల తొందరలో నేను, "మాస్టారూ, రెండోసారి చదవడం ఎందుకండీ?" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, "ప్రూఫులో తప్పు మన ఇంటి తప్పు నాయనా. అచ్చులో తప్పు ఊరి తప్పు. ఇంటి తప్పును దిద్దుకోవచ్చు, ఊరి తప్పుకు క్షమాపణ చెప్పుకోవాలి" అన్నారు. ఆనాడు అది పెద్దవారి చాదస్తమనుకున్నాను. దాని అర్థం నాకు తెలిసేసరికి పాతికేళ్లకు పైగా పట్టింది.

గణితం చదివిన నేను కాలక్రమేణ కంప్యూటర్ శాఖకు మారి, చదివిన కళాశాలలోనే అధ్యాపకుడినయ్యాను. 2012 చివరలో మా పాలకవర్గం కళాశాలకు వెబ్‌సైటు ఉండాలని, అది ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడు భాషలలోను ఉండాలని తీర్మానించింది. బయటి సంస్థకు ఇచ్చే స్తోమత లేదు. "మీరున్నారు కదా" అన్నారు ప్రిన్సిపాల్ సాహెబ్. ఆ మాటకు అధ్యాపకుని దగ్గర సమాధానం ఉండదు!

ఇక్కడ కళా విభాగపు విద్యార్థుల కోసం కొంత వివరించాలి. వెబ్‌సైటు అనగానే అది ఆకాశంలో ఎక్కడో ఉన్నదని చాలామంది భ్రమ. అది ఆకాశంలో లేదు. ఎక్కడో ఒక గదిలో, రాత్రింబగళ్లు ఆగకుండా నడిచే ఒక కంప్యూటర్‌లో ఉన్నది. అడిగినవారికి అడిగిన పుటను అందించడమే దాని పని. దానినే సర్వర్ అంటారు. 1990లో జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధనా సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ నడిపిన మొట్టమొదటి వెబ్ సర్వర్ ఆయన బల్ల మీది కంప్యూటరే. ఎవరైనా పొరపాటున ఆపివేస్తారేమోనని, ఇది సర్వర్, దీనిని ఆపవద్దని దాని మీద ఎర్ర సిరాతో రాసిన చీటీ అంటించి ఉండేది.

మేము అట్టి యంత్రాన్ని కొనలేము గనుక, సర్వర్లు నడిపే ఒక సంస్థ వద్ద సంవత్సరానికి కొంత సొమ్ము చెల్లించి చోటు అద్దెకు తీసుకున్నాము. పుటలు తయారు చేయడానికి డ్రీమ్‌వీవర్ అనే ఉపకరణాన్ని వాడాము. 1997లో మాక్రోమీడియా తయారు చేసిన ఈ ఉపకరణం 2005లో ఆ సంస్థతో పాటు అడోబి చేతికి వచ్చింది. అందులో పని మొదలుపెట్టగానే అది మూడు చోట్ల గురించి అడుగుతుంది. మొదటిది, మన కంప్యూటర్‌లో పుటలు దాచుకొనే ఫోల్డర్. రెండవది టెస్టింగ్ సర్వర్, అంటే పుట సరిగా పనిచేస్తున్నదో లేదో పరీక్షించుకొనే సర్వర్. మూడవది రిమోట్ సర్వర్, అంటే లోకమంతా చూసే దూరపు సర్వర్. అచ్చు భాషలో చెప్పాలంటే మొదటిది వ్రాతప్రతి, రెండవది ప్రూఫు, మూడవది అచ్చయిన పుస్తకం.

వ్రాతప్రతి ఉండగా మధ్యలో ప్రూఫు ఎందుకని మీరు అడగవచ్చు. కేవలం అక్షరాలు, బొమ్మలు ఉన్న పుటను బ్రౌజర్ నేరుగా తెరిచి చూపుతుంది. కాని ప్రవేశార్హుల జాబితా వంటి పుట అట్లా ఉండదు. అందులో పేర్లు ఉండవు. పేర్లను ఎక్కడినుంచి తేవాలో చెప్పే ఆజ్ఞలు మాత్రమే ఉంటాయి. మేము వాటిని పి.హెచ్.పి. భాషలో రాశాము. ఆ ఆజ్ఞలను సర్వర్ చదివి, సమాచార పట్టికలోని పేర్లను తెచ్చి, పుటగా కూర్చి పంపాలి. సర్వర్ లేకుండా తెరిస్తే వంటకానికి బదులు వంట చేసే విధానం రాసిన కాగితం వచ్చినట్లుంటుంది.

అందువల్ల మా ప్రయోగశాలలోని ఒక కంప్యూటర్‌నే సర్వర్‌గా మార్చాము. 2002లో మొదలైన గ్జాంప్ అనే ఉచిత కూర్పు ఉన్నది. అందులో అపాచీ సర్వర్, పి.హెచ్.పి., సమాచార పట్టికలను భద్రపరచే మైఎస్‌క్యూఎల్ అన్నీ ఆ రోజులలో ఒకే పెట్టెలో వచ్చేవి. దానిని స్థాపించి, బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ అని కొడితే మా పుట మాకే కనిపించింది. లోకల్‌హోస్ట్ అంటే 127.0.0.1 అనే సంఖ్యాచిరునామా. ప్రపంచంలో ఏ కంప్యూటర్‌కైనా ఈ చిరునామా "నేనే" అని అర్థం. మన ఇంటి అద్దంలో మన ముఖం మనకే కనబడినట్లు, ఆ పుట ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవారికే కనబడుతుంది.

దూరపు సర్వర్‌ను అమర్చడం మరొక తంతు. చిరునామా, వాడుకరి పేరు, సంకేత పదం, పుటలు చేరవలసిన ఫోల్డర్, ఈ నాలుగూ సరిగా ఇవ్వాలి. నేను మొదటిసారి నాలుగవదానిని ఖాళీగా వదిలాను. పుటలన్నీ వెళ్లినట్లే చూపింది, కాని వెబ్‌సైటు తెరిస్తే ఏమీ లేదు. రెండు రోజులు వెదికిన తరువాత తెలిసినది ఏమంటే, పుటలు యంత్రంలోకి చేరాయి గాని పబ్లిక్ హెచ్‌టిఎంఎల్ అనే బహిరంగ ఫోల్డర్‌లోకి చేరలేదు. ఉత్తరం ఊరు చేరింది, ఇల్లు చేరలేదు!

పుటలను మోసుకుపోయే పద్ధతికి ఎఫ్.టి.పి. అని పేరు. దీని తొలి నిర్దేశాన్ని 1971లో రాసిన అభయ్ భూషణ్ కాన్పూరు ఐ.ఐ.టి. మొదటి జట్టు విద్యార్థి. అక్కడి నుంచి అమెరికాలోని ఎం.ఐ.టి.కి వెళ్లినవారు. మన దేశపు తరగతి గదిలో కూర్చున్న ఒక విద్యార్థి వేసిన బాట మీద అర్ధ శతాబ్దం పాటు ప్రపంచపు ఫైళ్లు ప్రయాణం చేశాయంటే మీకు ఉత్సాహం కలగాలి. అయితే ఆ పద్ధతిలో సంకేత పదం దాపరికం లేకుండా పోతుంది; దారిలో పొంచి ఉన్నవాడు చదువుకోవచ్చు. అందుచేత ఇప్పుడు గుప్తీకరించి పంపే ఎస్.ఎఫ్.టి.పి. వంటి పద్ధతులనే వాడాలి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు 2021లో ఎఫ్.టి.పి.ని పూర్తిగా తొలగించాయి కూడా.

ఇంటి సర్వర్‌లో చక్కగా ఉన్న పుట దూరపు సర్వర్‌కు వెళ్లగానే ఎందుకు చెడుతుంది? ఈ ప్రశ్న మమ్మల్ని ఆరు నెలలు వేధించింది. మా ప్రయోగశాలలోని కంప్యూటర్ విండోస్‌తో నడిచేది. దూరపు సర్వర్ లినక్స్‌తో నడిచేది. ఇంగ్లీషులో పెద్ద అక్షరంతో రాసినా చిన్న అక్షరంతో రాసినా విండోస్‌కు ఫైలు పేరు ఒకటే. లినక్స్‌కు అవి రెండు వేరు వేరు పేర్లు. ఒక బొమ్మ పేరు మొదట పెద్ద అక్షరం పడినందుకు, ఇంటిలో నవ్వుతూ కనిపించిన మా కళాశాల భవనం బయట మాయమైపోయింది.

అంతకన్నా బాధ కలిగించినది ఉర్దూ పుట. ఇంటి సర్వర్‌లో ముత్యాల వలె ఉన్న ఉర్దూ పేర్లు దూరపు సర్వర్‌లో ఒట్టి ప్రశ్నార్థకాలుగా మారిపోయాయి. పేరుకు బదులు ఆరు ప్రశ్నార్థకాలు, తండ్రి పేరుకు బదులు ఎనిమిది ప్రశ్నార్థకాలు! కారణం వెదికితే ఇది. అక్కడి సమాచార పట్టిక లాటిన్ అక్షరాల కోసం ఏర్పరచినది. దానికి తెలియని అక్షరం ఏది వచ్చినా అది ప్రశ్నార్థకాన్ని వేసుకొని, అసలు అక్షరాన్ని పారవేస్తుంది. తరువాత ఎంత దిద్దినా పోయిన అక్షరం తిరిగి రాదు. తెలుగు గతీ అంతే. లోకంలోని లిపులన్నిటికీ స్థానమిచ్చే యూనికోడ్ 1991లో వెలువడినది. ఆ సంకేతాలను భద్రపరచే యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక ఉర్దూ అక్షరానికి రెండు బైట్లు, ఒక తెలుగు అక్షరానికి మూడు బైట్లు పడతాయి. పట్టికను, పుటను, ఆ రెంటినీ కలిపే దారిని కూడా యు.టి.ఎఫ్.-8కు మార్చాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మరచినా చదువుకున్న పిల్లవాని పేరు ప్రశ్నార్థకమే అవుతుంది.

ఇక నా పొరపాటుకు వస్తాను.

ఆ రోజులలో డిగ్రీ ప్రవేశాలు ఏ కళాశాలకు ఆ కళాశాలే జరుపుకొనేది. తెలంగాణలో దోస్త్ అనే ఉమ్మడి ప్రవేశ విధానం 2016లో వచ్చింది. 2013 జూన్ మాసంలో ప్రవేశార్హుల జాబితాను తొలిసారి వెబ్‌సైటులో ప్రకటించాలని నిర్ణయించారు. అసలు జాబితా తయారు కావడానికి ఇంకా వారం పడుతుంది. ఈలోపల పుటను పరీక్షించాలి గదా! పరీక్షకు పేర్లు కావాలి. కార్యాలయం వారు దరఖాస్తులన్నిటినీ రెండు లిపులలో టైపు చేయించి ఉంచారు. అందులో మొదటి 40 దరఖాస్తులను, వచ్చిన వరుసలోనే తీసుకొని, పైన "ఎంపికైన అభ్యర్థులు" అని శీర్షిక పెట్టి, ప్రయత్నపు జాబితా తయారు చేశాను. వారి మార్కులేవో నేను చూడనే లేదు. ఆ నాటి నా దృష్టిలో అవి పేర్లు కావు, అక్షరాలు.

ఉర్దూ శాఖాధ్యక్షులు ఆ వారం ఆరోగ్యం బాగులేక ఇంటివద్ద ఉన్నారు. ఉర్దూ పేర్లు ఆయన చూడందే పుట బయటికి పోరాదు. ఇంటి సర్వర్‌లోని పుట ఆయన ఇంటికి కనబడదు గనుక, ప్రయత్నపు పట్టికను, పుటను దూరపు సర్వర్‌కే పంపి, దాని చిరునామాను ఆయనకు ఫోనులో చెప్పాను. మొదటి పుట నుంచి దానికి దారి ఏదీ లేదు. చిరునామా తెలిసినవారు తప్ప ఎవరూ చూడలేరు. ఆయన చూసి రెండు పేర్లలో చుక్కలు సవరించి, "బహుత్ ఖూబ్" అన్నారు. ప్రూఫును అచ్చు యంత్రం మీదనే తీసి చూసుకున్నామన్న మాట! యంత్రం మీది పలకను దించడం మరచిపోయాను.

ఆ శనివారం రాత్రి పదకొండు గంటలకు పరీక్షల ప్రకటన ఒకటి పంపవలసి వచ్చింది. ఆ ఒక్క పుటను ఎన్నుకొని పంపాలి. నేను పుటకు బదులు పైనున్న ఫోల్డర్‌ను ఎన్నుకున్నాను. మొత్తం వెబ్‌సైటును పంపమంటారా అని డ్రీమ్‌వీవర్ అడిగింది. అది రోజుకు పదిసార్లు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. చదవకుండా సరే అన్నాను. ఫైళ్లన్నీ వెళ్లాయి. వాటితో బాటు నేను ఇంటి సర్వర్‌లో తయారు చేసుకున్న కొత్త మొదటి పుట కూడా వెళ్లింది. దాని మీద మూడు భాషలలో మెరిసే అక్షరాలతో, "ఎంపికైన అభ్యర్థుల జాబితా" అనే దారి ఉన్నది. నేను కంప్యూటర్ కట్టేసి, దీపాలు ఆర్పి, ఇంటికి వెళ్లి సుఖంగా నిద్రపోయాను. మరునాడు ఆదివారం.

సోమవారం ఉదయం నేను కళాశాలకు వచ్చేసరికి వరండాలోని బల్ల మీద ఒక పెద్దమనిషి, ఆయన కుమార్తె కూర్చుని ఉన్నారు. ఆయన జహీరాబాదులో దర్జీ పనిచేస్తారు. రంజాన్ మాసం దగ్గర పడుతున్న రోజులవి. దర్జీకి ఏడాది మొత్తంలో చేతినిండా పని ఉండేది అప్పుడే. దుకాణం మూసి, సుమారు 100 కిలోమీటర్లు తొలి బస్సులో వచ్చారు. అమ్మాయి చేతిలో ఒక కాగితం ఉన్నది. ఆదివారం ఇంటర్‌నెట్ కేంద్రంలో తీయించినదట. దాని మీద నా 40 పేర్లు ఉన్నాయి. పదకొండవ పేరు ఆ అమ్మాయిది. ఆయన నన్ను చూడగానే లేచి నిలబడి, చొక్కా లోపలి జేబు తడుముకుంటూ, "ఫీజు ఎక్కడ కట్టాలి సాబ్?" అని అడిగారు.

నాకు కాళ్లలో సత్తువ పోయింది. ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఉర్దూ అక్షరాలు ఎక్కడా చెడలేదు. ఒక్క ప్రశ్నార్థకం లేదు. ఆరు నెలలుగా నేను కోరుకున్నది అటువంటి పుటనే!

వారిని కూర్చోబెట్టి నేరుగా ప్రిన్సిపాల్ సాహెబ్ గదిలోకి వెళ్లి జరిగినదంతా చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ముందు ఆ పుటను తీసివేయమన్నారు. తరువాత దరఖాస్తుల పుస్తకం తెప్పించి చూశారు. ఆ అమ్మాయి మార్కులు ఆ కోర్సుకు సరిపోలేదు. నేను తెగించి, "పొరపాటు మనది గనుక, ఒక్క సీటు..." అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "పొరపాటు మనదే. సీటు మాత్రం మనది కాదు. మార్కుల వరుసలో దాని తరువాత నిలబడిన పిల్ల ఎవరో ఉన్నది. ఆ పిల్ల తండ్రి ఈ గదిలో లేడు గనుక ఆమె సొత్తు తీసి ఈమెకు ఇద్దామా?" అన్నారు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. ఆయనే లేచి వరండాలోకి వచ్చి, ఆ తండ్రి చేతులు పట్టుకొని క్షమాపణ చెప్పారు.

ఆ పెద్దమనిషి కోపగించుకొని ఉంటే నాకు కొంత ఊరటగా ఉండేది. ఆయన కోపగించుకోలేదు. కాగితాన్ని విప్పి, పదకొండవ వరుస మీద వేలు పెట్టి, "నామ్ తో హై నా సాబ్?" అన్నారు. పేరయితే ఉన్నది కదా అని! అచ్చులో కనబడినది నిజమనే నమ్మకం ఆయనది. ఆ నమ్మకం ఆయన అజ్ఞానం కాదు. ఒక విద్యాసంస్థ తన పేరుతో ప్రకటించిన దానిని ఎవరైనా అట్లాగే నమ్మాలి. బస్సు ఛార్జీలైనా తీసుకోండని ప్రిన్సిపాల్ సాహెబ్ ఎంత అడిగినా ఆయన పుచ్చుకోలేదు.

అది ప్రయత్నపు జాబితా అని, యంత్రం సరిగా పనిచేస్తున్నదో లేదో చూడడానికి తయారు చేసినదని ఆ అమ్మాయికి వివరించాను. ఆమె శ్రద్ధగా విని, తల వంచుకొని, మెల్లగా ఒకటే ప్రశ్న అడిగింది. "ప్రయత్నానికైతే నా పేరు ఎందుకు సార్?"

ఆ ప్రశ్నకు నేను ఆనాడు జవాబు చెప్పలేకపోయాను.

మిగిలిన రోజంతా నేను ఫోను దగ్గర కూర్చున్నాను. ఆ 40 మందిలో 17 మందికి అసలు జాబితాలో చోటు దొరకదని కార్యాలయం లెక్కలు తేల్చింది. ఆ 17 ఇళ్లకూ నేనే ఫోను చేస్తానన్నాను. కొందరు ఆ జాబితా చూడనే లేదు. కొందరు తిట్టారు, ఆ తిట్లు న్యాయమైనవే. ఒక తల్లి మాత్రం, "ఇరుగుపొరుగుకు మిఠాయి పంచాము నాయనా, ఇప్పుడు ఏమని చెప్పుకోవాలి?" అన్నది. సవరణ పుటను వెంటనే పెట్టాము. కాని వెబ్‌సైటుకు సవరణ పెట్టడం ఎంత సులభమో, చూసినవారి మనస్సులో సవరణ పెట్టడం అంత కష్టం. పుస్తకానికైతే చివర తప్పొప్పుల పట్టిక ఉంటుంది. ఆ పుస్తకం ఉన్నవారి వద్ద ఆ పట్టిక కూడా ఉంటుంది. ఇంటర్‌నెట్ కేంద్రంలో తీసుకున్న కాగితం వెనుక తప్పొప్పుల పట్టిక ఎక్కడ రాయగలము?

ఆ వారం మా ప్రయోగశాల గోడ మీద కొన్ని నియమాలు రాసి అంటించాను. కంప్యూటర్ చదివే విద్యార్థులకు ఉపయోగపడతాయి గనుక వాటి సారం చెబుతాను. పరీక్షించే చోటు, ప్రకటించే చోటు ఎన్నడూ ఒకటి కారాదు. ఇతరులకు చూపవలసిన పరీక్ష ఉంటే దానికోసం వేరే చోటు, వేరే సమాచార పట్టిక, దానికి తాళం ఉండాలి. చిరునామా ఎవరికీ తెలియదనుకోవడం తాళం కాదు. పరీక్షించే సర్వర్ సాధ్యమైనంత వరకు ప్రకటించే సర్వర్ వలెనే ఉండాలి. అదే లినక్స్, అదే అక్షర విధానం, అవే ఫైలు పేర్లు. లేకుంటే ఇంటి పరీక్షలో నెగ్గినది బయట ఓడిపోతుంది. ఒక పుట మారితే ఆ ఒక్క పుటనే పంపాలి. పంపే ముందు పాత పుట ప్రతి ఒకటి తీసి దాచుకోవాలి. తయారు చేసినవాడు, పంపేవాడు ఒకడే అయినప్పుడు మరొకరు చూసి సంతకం చేయాలి. ఈ చివరి నియమం కోసం మా తెలుగు మాస్టారి "అచ్చు వేయవచ్చును" అనే అక్షరాలతో ఒక రిజిస్టరు పెట్టాము. ఈనాడు పెద్ద సంస్థలలో మార్పుల చరిత్రను నిలిపే గిట్ వంటి ఉపకరణాలు, తుది పరీక్షకు ప్రత్యేకమైన సర్వర్లు ఉన్నాయి. అవన్నీ నేర్చుకోండి. కాని ఏ ఉపకరణమైనా చివరకు "పంపమంటారా?" అని అడిగి ఊరుకుంటుంది. దానిని చదివి జవాబు చెప్పవలసినవాడు మనిషే.

సాంకేతిక విద్యలో మేము మీకు యంత్రాల మధ్య దూరాన్ని గురించి బోధిస్తాము. ఇంటి సర్వర్‌కు, దూరపు సర్వర్‌కు మధ్య ఉన్నది తీగల దూరమే అనుకుంటాము. నిజానికి ఆ రెంటి మధ్య ఒక గీత ఉన్నది. గీతకు ఇవతల మన తప్పులు మనకు పాఠాలు. గీతకు అవతల మన తప్పులు ఇతరుల జీవితాలలో సంఘటనలు. ఒకరి దుకాణం మూతబడుతుంది, ఒకరి ఇంట మిఠాయి పంచబడుతుంది, ఒక పిల్ల ఒక రాత్రంతా కళాశాల విద్యార్థినిగా నిద్రపోతుంది. ఆ గీతను దాటడానికి పట్టే కాలం ఒక మీట నొక్కినంతసేపు. అది సులభమైన కొద్దీ మనకు జాగ్రత్త ఎక్కువ కావాలి. సీసపు అక్షరాల కాలంలో అచ్చు వేయడం కష్టమైన పని గనుక, ఆ కష్టమే మనిషిని ఆగి ఆలోచించేట్లు చేసేది. ఈనాడు ఆపేది ఏదీ లేదు. మనమే ఆగాలి.

ఆ అమ్మాయి ఆ సంవత్సరం సంగారెడ్డిలోని ఒక కళాశాలలో చేరినట్లు తరువాత తెలిసింది. అంతకు మించి నాకు తెలియదు. ఎక్కడ ఉన్నా ఆమె సుఖంగా ఉండాలని నా దువా.

ఆమె ప్రశ్నకు జవాబు మాత్రం నేను బాకీ పడి ఉన్నాను. దానిని మాటలతో తీర్చలేక మరొక విధంగా తీర్చుకుంటున్నాను. మా ప్రయోగశాలలో నేటికీ ఏ జాబితా పుటనైనా పరీక్షించవలసి వస్తే, అందులోని 40 వరుసలలోను ఒకే పేరు ఉంటుంది. తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో, మొదటి వరుస నుంచి నలభయ్యవ వరుస వరకు అది నా పేరే. కొత్తగా చేరిన విద్యార్థులు చూసి నవ్వుకుంటారు. "సార్‌కు నలభైసార్లు సీటు వచ్చింది" అని వేళాకోళం చేస్తారు. నేను కూడా నవ్వుతాను. ఎందుకో మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఈ సంచిక అడిగింది గనుక చెప్పాను.